కడబంతిలో కూర్చున్నవాడు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు పెద్దలు. ఎలమంచిలి పెళ్లిళ్లలో ఈ మాట వింటూ పెరిగాను. కడబంతిలో కూర్చుని, వడ్డించేవాళ్లలో తనవాడంటూ ఒక్కడూ లేని మనిషి సంగతేమిటన్న ప్రశ్న మాత్రం నాకు టోక్యోలో, కళ్లముందు పళ్లేలు తిరుగుతుంటే తట్టింది.

టోక్యో నగరంలో ఎడొగావా వార్డులోది నిషికసాయ్. ఐటీ ఉద్యోగాలకు వెళ్లిన మన దేశపు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. నాతో బళ్లో చదివిన స్నేహితులిద్దరూ అక్కడే కాపురం. ఒక ఆదివారం మధ్యాహ్నం సుషీ తినిపిస్తామని బయల్దేరదీశారు. ఒకడిది పూడిమడక, చేప లేనిదే ముద్ద దిగదు. రెండోవాడు శాకాహారి. దోసకాయ ముక్క పెట్టి చుట్టిన అన్నం, వేయించిన తియ్యటి టోఫు సంచిలో కూరిన అన్నం వాడికి చాలు. బల్ల దగ్గరే వేణ్ణీళ్ల కుళాయి, పక్కన గ్రీన్ టీ పొడి. వేలెడంత అన్నం ముద్ద మీద ఎర్రటి ట్యూనా ముక్కతో ఒక పళ్లెం, బల్లల పక్కగా తిరిగే బెల్టు మీద మా ముందుకొచ్చింది. "ఇది మన సూర్రా," అన్నాడు పూడిమడకవాడు. వాళ్ల ఊరి జాలర్లు గేలాలు పట్టుకుని నడిసముద్రానికి వెళ్లేది దాని కోసమే. ఇంట్లో అయితే పులుసు పెడతారు.

ఈ తిరిగే బెల్టును తెచ్చినవాడు యొషియాకి షిరాయిషి. ఒసాకా దగ్గర ఆయనకు చిన్న సుషీ దుకాణం ఉండేది. చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీల కూలీలు వచ్చి తినేవారు. గిరాకీ ఉంది, పనివాళ్లు చాలరు. అసాహి బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వరుసగా కదిలిపోవడం చూసి, ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 1958లో మొదటి తిరిగే సుషీ హోటల్ తెరిచాడు. వేగం సెకనుకు 8 సెంటీమీటర్లుగా కుదిర్చాడు. మరీ మెల్లగా వెళ్తే తినేవాడికి విసుగు, మరీ జోరైతే సుషీ ఆరిపోతుంది, పళ్లెం అందుకోవడమూ కష్టం. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనతో అది దేశమంతా తెలిసింది. ఖరీదైన తిండిని కూలివాడి అందుబాటులోకి తేవడం నా దృష్టిలో ఆ బెల్టు కన్నా పెద్ద పని.

మా ఊళ్లో బంతి భోజనమంటే అరిటాకు, పులిహోర, బూరె, దప్పళం, అడిగి అడిగి వేసే మారు వడ్డన. ఆ ఆప్యాయత నాకు ప్రాణం. అయినా అదే బంతిలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో కులం చెప్పేది. కొందరికి ఆకు వేసేది అందరూ లేచాకనే, అదీ పందిరి అవతల. గరిటె మనిషిని బట్టి వంగేది. బెల్టుకు ఆ చూపు లేదు. మా బల్ల ముందు నుంచి వెళ్లిన పళ్లెమే పక్క బల్ల దగ్గరి ముసలాయన ముందుకూ, ఆపైన స్కూలు పిల్లల ముందుకూ వెళ్తుంది. ఎవరూ లేనివాడికి ఇది చిన్న న్యాయం కాదు.

అయితే కడబంతి అక్కడా ఉంది. వంటగదికి దగ్గర్లో కూర్చున్నవాళ్లు మంచివి తీసేసుకుంటే చివరివాడికి మిగిలినవే దక్కుతాయి. పైగా ఈ ఏర్పాటంతా ఎంగిలి అనే భయం మీద, ఎంగిలి చెయ్యరన్న నమ్మకం మీద నిలబడింది. తీసిన పళ్లెం తిరిగి పెట్టకూడదు. ముక్కూమొహం తెలియని నలభైమంది ముందు నుంచి వచ్చిన ముద్దను మనం నోట్లో పెట్టుకుంటాం. 2023 జనవరిలో ఒక కుర్రాడు సోయా సాస్ సీసా మూతిని నాకి, ఉమ్మితో తడిపిన వేలిని తిరుగుతున్న సుషీకి తాకించిన వీడియో జపాన్‌ను కుదిపేసింది. చాలా హోటళ్లు పళ్లేలు తిప్పడం మానేశాయి. ఇప్పుడక్కడ తెర మీద నొక్కితే, నొక్కినవాడి బల్ల దగ్గరికే నేరుగా పళ్లెం వస్తుంది. మేం వెళ్లినచోట ఇంకా తిరుగుతున్నాయి, ఒక్కోదానికి మూత పెట్టి.

నేరుగా రావడంలో చివరివాడికీ అన్యాయం లేదు, ఒప్పుకుంటాను. కానీ పదిమంది ముందు నుంచి నమ్మకంగా సాగివచ్చే తిండి పోవడం నాకు బాధగానే ఉంది. అపరిచితుల మీద ఆ మాత్రం భరోసా లేకపోతే ఊరన్నది ఎలా నిలుస్తుంది?

నేను ఆలోచనలో పడి తినడం ఆపేస్తే, శాకాహారి మిత్రుడు నా కోసం రొయ్య సుషీ పళ్లెం తీసి నా ముందు పెట్టాడు. తను ముట్టనిది. "ఏటిరా, అలా చూస్తన్నావు? తిను," అన్నాడు. కొసరి పెట్టేవాడు వంటింటి వైపు నుంచే రానక్కర్లేదని, పక్క కుర్చీలోనూ ఉండొచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

వచ్చే మాఘంలో మా ఇంట్లో పెళ్లి. బఫే పెడదామని పిల్లల పట్టు. బంతే వేద్దామని నేను చెప్పాను. ఎవరు ముందొస్తే వాళ్లు ముందు కూర్చోవాలి, ఎవరు ఎవరి పక్కనన్న లెక్క ఉండకూడదు, కడబంతికి కూడా బూరెలు ముందే లెక్కకట్టి పక్కన తీసిపెట్టాలి. వంటాయనతో ఈ మాట నేనే మాట్లాడతాను.