మైపాడు వెళ్ళే ముందు

శైలూ,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. మనిషికీ కంప్యూటరుకీ పొత్తు కుదిర్చే చదువు నీది. రేషను మిషన్‌లో వేలిముద్ర పడని ముసలమ్మల వీడియోలు తీసి, మైపాడు పట్టపుపాళెం జాలరులతో ధర్నా చేయిస్తానంటున్నావట. చేపలకు ఉప్పు పట్టించీ పట్టించీ గీతలు అరిగిపోయిన వేళ్ళు నేనూ చూశాను. నీ కోపం న్యాయమైనదే. నా భయమంతా ఆ వీడియోల గురించి.

అక్షరాస్యతా ఉద్యమంలో నేనూ రాత్రి కేంద్రం నడిపాను. లాంతరు మసి తుడవడం మీ అమ్మ పని, అడిగి చూడు. ఆ కేంద్రాల్లో చెప్పే వాచకంలోని సీతమ్మ కథ చదివాక దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. పాఠం మాటలు అందించిందంతే. వర్ధినేని రోశమ్మను, ఆమె తోటివాళ్ళను వీధిలోకి నడిపించింది వాళ్ళ కడుపుమంట. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

నిషేధం రాకముందు, ఆ ఉద్యమం ఊపులోనే నేనొక తప్పు చేశాను. మా కేంద్రానికొచ్చే ఒకామె మొగుడి తాగుడు చెప్పుకుని ఏడిస్తే, పేరూ ఊరూ వేసి పత్రికకు రాసి పంపాను. వారం తిరక్కుండా సారా కాంట్రాక్టరు మనుషులు ఆమె గుడిసె ముందు కూర్చున్నారు. పలక మీద తన పేరులో రెండక్షరాలు దిద్దుకున్న మనిషి, మూడోది నేర్చుకోవడానికి మళ్ళీ రాలేదు. నేను బదిలీ మీద నెల్లూరొచ్చేశాను. ఆమె ఎక్కడికి పోతుంది?

ఈ కాలంలో ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకముందే ఫోన్లు పైకి లేస్తున్నాయి. ఒకసారి బయటికి పోయిన వీడియోను వెనక్కి తెచ్చేదెవరు?

ఇక విను. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో వీడియోలకు సమ్మతి పత్రాలు పట్టుకుని వెళ్ళకు, చేతిలో డబ్బులేనివాళ్ళు ఏ కాగితం మీదైనా ఆశతో సంతకం పెడతారు. వేలిముద్ర అసలే అడగొద్దు. దానివల్లే బియ్యం పోగొట్టుకున్నవాళ్ళమ్మా వాళ్ళు! నోటిమాటగా చెప్పి, వద్దనే వీలివ్వు. ముఖాలు, పేర్లు తీసెయ్యి. ధర్నా సంగతి వాళ్ళే తేల్చుకుంటారు, పిలిస్తే వెళ్ళి వెనక వరసలో కూర్చో. ముందు తహసీల్దారుకు అర్జీ రాసిపెట్టు, వేలిముద్ర పడనివాళ్ళకు వేరే దారిలో బియ్యం ఇమ్మని.

ఇప్పటికి తీసిన వీడియోలు ఎవరికీ పంపకు. ఆదివారం నేనూ వస్తాను, ఇద్దరం కలిసి వెళ్ళి ఒక్కొక్కరినీ అడుగుదాం.

మీ పెద్దమ్మ