ఆకలి, అదుపు, ఉపవాసం



ఉపవాసాన్ని విధిగా నిర్ణయించిన చోటనే అల్లాహ్ దాని లక్ష్యాన్ని కూడా తెలియజేశాడు. మనలో తఖ్వా, అంటే దైవభీతి జనించాలన్నదే ఆ లక్ష్యం (అల్ బఖర: 183). మన కడుపులు మాడ్చటం అల్లాహ్ అభిమతం కాదు. మరి ఆకలికీ, దైవభీతికీ ఉన్న సంబంధం ఏమిటి? కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఆకలి ఒక అనుగ్రహం

ఆకలి అనేదే లేకపోతే పసిబిడ్డ పాల కోసం ఏడవదు, మనిషి సంపాదన కోసం ఇల్లు కదలడు. శరీర అవసరాలు మెదడుకు తెలిసే ఏర్పాటును సృష్టికర్త మన దేహంలోనే చేసి ఉంచాడు. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును కనుగొంది. ఇది కొవ్వు నుంచి వెలువడి, ఒంట్లో నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు చెబుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా గ్రెలిన్‌ను కనుగొన్నారు. ఇది ఎక్కువగా పొట్ట నుంచి వెలువడి ఆకలిని రేపుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం ఈ కబుర్లన్నిటినీ అందుకుని, ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఆపాలో మనకు తెలిసేలా చేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మనం రోజూ తినే వేళ దగ్గరపడేసరికి గ్రెలిన్ పెరుగుతుంది. ఆ వేళ మనం తినకపోయినా కొంతసేపటికి అది దానంతటదే తగ్గుతుంది. రోజూ ఒంటిగంటకు టిఫిన్ డబ్బా తెరిచే మనిషికి తొలి రోజాల్లో సరిగ్గా ఆ వేళకే కడుపు కదిలిపోతుంది. అస్ర్ నమాజు వేళకు ఆ ఉద్ధృతి చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే ఆకలి తెరలు తెరలుగా వస్తుంది, పోతుంది. అందులో అవసరం కొంత, అలవాటు కొంత. తెర వచ్చినప్పుడు నిలబడగలిగితే అది మనల్ని దాటిపోతుంది.

రోజా మనకు నేర్పే పాఠం ఇదే. తలుపులు మూసిన గదిలో చల్లని నీళ్ల కుండ ఉంటుంది. చూసేవారెవరూ ఉండరు. అయినా రోజాదారు చెయ్యి చాచడు. అతన్ని ఆపుతున్నది మనుషుల భయం కాదు, అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక. తన హక్కైన నీళ్లనే అల్లాహ్ కోసం వదులుకున్నవాడు తనది కాని సొమ్మును, నోటికి వచ్చిన తిట్టును, పరోక్ష నిందను వదులుకోలేడా? ఆకలి నుంచి దైవభీతికి దారి ఇదే.

అతి వద్దు

అలాగని ఇస్లాం శరీరాన్ని హింసించమనలేదు. భోజనం వడ్డించి ఉండగా నమాజుకు పిలుపు వస్తే ముందు భోజనం ముగించమని దైవప్రవక్త (స) బోధించారు. ఇబ్నె ఉమర్ (రజి) ఇమామ్ ఖుర్‌ఆన్ పఠనం వినిపిస్తున్నా తొందరపడకుండా భోజనం ముగించేవారని బుఖారీలో ఉంది. ఆకలి మనసును లాగుతుందని ధర్మం గుర్తించింది కాబట్టే ఈ సౌలభ్యం. ఎడతెగకుండా ఉపవాసాలుంటానన్న వ్యక్తి నిర్ణయాన్ని ప్రవక్త (స) ఆమోదించలేదు. ఇఫ్తార్ లేకుండా రోజు మీద రోజు కలిపి ఉపవాసం పాటించటాన్ని వారించారు.

ఇందులోని వివేకం తెలియాలంటే 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ జరిపిన ప్రయోగం చూడండి. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు అరకొర తిండితో గడిపారు. వారు కృశించిపోయారు. అంతేకాదు, వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరగసాగాయి, చిరాకు, నిరాశ పెరిగాయి. మితం లేని ఆకలి మనిషిని తిండికి బానిసను చేస్తుందన్నమాట. సూర్యాస్తమయంతో ముగిసే రోజా అలాంటిది కాదు. ఇమామ్ గజాలీ (రహ్మలై) కూడా తన ‘ఇహ్యా’లో కడుపు కోరికలకు ఒక అధ్యాయమే కేటాయించి, అందులో మధ్యేమార్గాన్నే ఉత్తమమన్నారు.

మన దస్తర్‌ఖాన్ సంగతి

ఇక మన చాంద్రాయణగుట్టకు వద్దాం. రమజాన్‌లో అస్ర్ తరువాత బార్కస్ వైపు నడిస్తే భట్టీలపై హలీమ్ దేగ్‌లు, సమోసాలు, మిర్చీబజ్జీలు, జిలేబీలు, పండ్ల బండ్లు కనిపిస్తాయి. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతి ఇక్కడ స్థిరపడింది. వారి హరీస్ నేటికీ ఇక్కడ ప్రసిద్ధం. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇవన్నీ హలాల్ ఆహారాలే, అల్లాహ్ వరాలే. తినండి, తాగండి, కాని మితిమీరకండి అన్నదే దైవాదేశం (అల్ ఆరాఫ్: 31).

పగలంతా అదుపులో ఉంచిన నఫ్స్‌కు మగ్రిబ్ కాగానే పగ్గాలు వదిలేస్తే మనం సాధించిందేమిటి? కడుపు నిండిన సంగతి మెదడుకు పూర్తిగా అందటానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చు. ఆవురావురుమని తినేవాడు ఆ కబురు అందేలోపే అవసరానికి మించి తినేస్తాడు. తరావీహ్‌లో నిలబడలేక ఆయాసపడతాడు. ప్రవక్త (స) కొన్ని ఖర్జూరాలతో, అవి లేకపోతే నీళ్లతో ఇఫ్తార్ చేసి మగ్రిబ్ నమాజు చేసేవారు. ఈ సున్నత్‌ను పాటించి, నమాజు తరువాత భోజనానికి కూర్చుంటే శరీరానికి ఆ వ్యవధి దొరుకుతుంది. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలని, తప్పదనుకుంటే కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు ఊపిరికి ఉంచమని ఆయన (స) ఉపదేశం (తిర్మిజీ).

షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రమజాన్‌కు ముందే డాక్టరును కలిసి, మందుల వేళలు మార్పించుకోవాలి. రోజా వల్ల ప్రమాదమని డాక్టరు చెబితే మొండితనం భక్తి అనిపించుకోదు. రోగులకు అల్లాహ్ స్వయంగా వెసులుబాటు ఇచ్చాడు (అల్ బఖర: 184, 185). ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట మనమే నచ్చజెప్పాలి. రోజాలో షుగర్ పడిపోయి వణుకు, చెమటలు వస్తే వెంటనే విరమించాలి.

ఎంచుకోని ఆకలి

మన ఆకలికి ఒక గడియ ఉంది. మగ్రిబ్ అజాన్‌తో అది తీరుతుంది. ఏ అజానూ తీర్చని ఆకలి మన గల్లీలోనే ఉండవచ్చు. కూలి దొరకని ఇల్లు, భర్త పోయిన స్త్రీ, అడగటానికి అభిమానపడే కుటుంబం. తాను కడుపునిండా తిని పొరుగువాణ్ణి పస్తుంచేవాడి విశ్వాసాన్ని ప్రవక్త (స) విశ్వాసంగానే లెక్కించలేదు. కనుక పదార్థాలు పది చేసేచోట ఆరు చేద్దాం. మిగిలిన నాలుగింటి ఖర్చును ఎవరికీ తెలియకుండా ఆ గుమ్మానికి చేరుద్దాం. రమజాన్ గడిచాక కూడా ఆ గుమ్మాన్ని మరచిపోవద్దు.

అల్లాహ్ మన ఆకలిని మనకు ఆజ్ఞలిచ్చే యజమానిగా కాక, మేలు చేసే సేవకునిగా ఉంచుగాక! మన రోజాలను స్వీకరించుగాక! ఆమీన్.