సమాధానానికి పూచీ: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఒక లేఖ



కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లోని ఏదో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరి, తొమ్మిదో తరగతి పిల్లలచేత ఈ ఏడు ఏ పరిశోధన చేయించాలా అని సందిగ్ధపడుతున్న ఉపాధ్యాయుడు బహుమతుల సంగతి ఆలోచించే ముందు, పిల్లలు కనుగొన్న సమాధానం చేతికి వచ్చాక దానికి పూచీ పడగల స్థితిలో తాను ఉన్నాడా లేడా అన్నది తేల్చుకోవాలి. అంశాన్ని ఎంచుకోవడం శాస్త్రానికి సంబంధించిన పని అయినట్టే, ధర్మానికి సంబంధించిన పని కూడా.

పాఠశాలల్లో పరిశోధన అన్న పేరుతో రెండు వేరువేరు పనులు సాగుతున్నాయి. మొదటిది విద్యార్థులే ప్రశ్న వేసి, కొలిచి, లెక్కగట్టి తేల్చే ప్రాజెక్టు. రెండవది చర్యా పరిశోధన, అంటే ఉపాధ్యాయుడు తన బోధనలోని ఒక చిక్కును గుర్తించి, దానికొక మార్పు ప్రయత్నించి, ఫలితాన్ని తానే పరీక్షించుకునే పద్ధతి. 1946లో కర్ట్ లెవిన్ ప్రతిపాదించిన ఈ భావనను 1953లో స్టీఫెన్ కోరీ తన గ్రంథంతో పాఠశాలల దాకా తెచ్చాడు. మొదటిదానిలో పిల్లలు పరిశోధకులు, రెండవదానిలో పరిశోధనకు గురయ్యేవారు. ఈ రెంటినీ కలిపివేసి, ఒక సెక్షనుకు మంచి పద్ధతిలో పాఠం చెప్పి, పోలిక కోసమని మరో సెక్షనును ఏడాదంతా పాత పద్ధతికే వదిలేయడం ఏ నివేదిక కోసమైనా చేయదగిన పని కాదు.

బహుమతుల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి స్థానిక సమస్యలనే ఎంచుకోమని పిల్లలను ప్రోత్సహిస్తూ వచ్చింది. ఇన్‌స్పైర్ మానక్ పథకం ఎంపికైన ఆలోచనకు పదివేల రూపాయలు ఇస్తుంది. రెండూ మంచివే. అంగట్లో కొన్న థర్మోకోలుతో అగ్నిపర్వతం కట్టి, వంటసోడాలో వెనిగర్ పోసి పొంగించే ప్రదర్శన మాత్రం చూపరులకు ఎంత ముచ్చటగా ఉన్నా, పొంగుతుందని అందరికీ ముందే తెలుసు కాబట్టి పరిశోధన అనిపించుకోదు.

పులివెందుల వైపు పాఠశాలలకు వెంటనే తోచే అంశం తాగునీటిలోని ఫ్లోరైడ్. రాళ్లలోని కొన్ని ఖనిజాల నుంచి నీటిలోకి దిగే ఈ పదార్థం, వర్షం తక్కువై భూగర్భజలం రాతి పొరల్లో చాలాకాలం నిలిచి, అందులో కాల్షియం తగ్గి బైకార్బొనేట్ పెరిగిన చోట ఎక్కువవుతుంది. లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమనీ, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లపై మచ్చలు, ఆపైన ఎముకల బాధలు రావచ్చు. తెలుగువారికి ఈ వ్యాధి కొత్త కాదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించిన వైద్యుల వ్యాసం 1937లోనే వెలువడింది, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది.

దీన్ని పరీక్షించడం పిల్లలకు అసాధ్యమేమీ కాదు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్షా కిట్లు వాడడంలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది కాబట్టి, వారినే తరగతికి పిలిచి పిల్లలకు నేర్పించవచ్చు. బోరును కొన్ని నిమిషాలు ఆడించిన తరువాతే, గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో, అదే నీటితో మూడుసార్లు తొలిచి నమూనా పట్టాలి. కిట్టులో తేలే రంగును ముగ్గురు పిల్లలు ఒకరి అంకె మరొకరికి తెలియకుండా విడివిడిగా చదవాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి అదే బోరుకు తిరిగి వెళ్లాలి.

అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. కిట్టు రంగు ఒక అంచనా మాత్రమే కాబట్టి, హద్దు దాటినట్టు కనిపించిన నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోవాలి. నిర్ధారణ అయితే సర్పంచుకు, ఆ బోరు నీళ్లు తాగే ఇళ్లకు చెప్పాలి. చెప్పాక వచ్చే కోపతాపాలకు పిల్లలు కాక ఉపాధ్యాయుడు ఎదురు నిలవాలి. అంకె బయటపెట్టే ధైర్యం లేకుండా నీళ్లు పరీక్షించి, చార్టును బీరువాలో దాచేవాడు, ఆ నీళ్లు చెడ్డవని తెలిసీ మౌనంగా ఉన్నవాడితో సమానుడు. తరగతిలోని పిల్లల పళ్లు చూసి మచ్చలు లెక్కపెట్టే పని అసలే పెట్టుకోరాదు. ఆ పట్టికలో చేరిన ఆడపిల్ల పేరు పెళ్లిచూపుల దాకా వెంటాడుతుంది.

ఇదే ప్రాంతంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నందువల్ల, చుట్టుపక్కల నీటిలో యురేనియం కొలుద్దామన్న ఉత్సాహం కూడా పుట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో లక్షవ వంతుకు మూడు రెట్లు. అంత సూక్ష్మ పరిమాణాన్ని చూపే సాధనం ఏ బడిలోనూ ఉండదు. ప్రశ్న ఎంత న్యాయమైనదైనా, దానికి జవాబు చెప్పవలసినవారు పెద్దలు, ప్రయోగశాలలు. పద్నాలుగేళ్ల పిల్లలను గని వ్యర్థాల చెరువు గట్టు దాకా నడిపించే హక్కు ఉపాధ్యాయునికి లేదు.

జమ్మలమడుగు వైపు పరిశోధనకు సంపద మరో రూపంలో ఉంది. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం, సుమారు 575 నాటిది, తెలుగులో లభించిన తొలి శాసనంగా ప్రసిద్ధం. ఊళ్ల కరణాలూ పెద్దలూ చెప్పిన వృత్తాంతాలను సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం రాయించిన కైఫియత్తులు పందొమ్మిదో శతాబ్ది ఆరంభం నాటి చెరువులు, గుళ్లు, మాన్యాల వివరాలను దాచి ఉంచాయి. ఈ జిల్లా కైఫియత్తులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. తమ ఊరి కైఫియత్తులో ఉన్న చెరువుల్లో ఎన్ని నేడు నీళ్లు పడుతున్నాయో, ఎన్ని పేరు మాత్రమే మిగిల్చాయో పిల్లలు నడిచి చూడడం నిజమైన పరిశోధన. 26.85 టీఎంసీల గండికోట జలాశయంలో నీటిమట్టం పెరగడంతో 2020లో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడి బావుల, వీధుల పేర్లు అవ్వాతాతల నోట వినిపిస్తున్నప్పుడే రాసిపెట్టడం అంతకన్నా అత్యవసరమైన పని. కాని పరిహారం మాట రాగానే పిల్లలు కలం మూసి నమస్కరించి రావాలని ముందే చెప్పి పంపాలి.

ఏ అంశమైనా, పనిలో రాగల తప్పులను ముందే రాసుకోవాలన్న మాటకు ఆధారం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. ఈ జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో చెక్కించిన శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతోపాటు దాన్ని చెరిచే ఆరు దోషాలనూ, అంటే కట్ట ఊరడం, చవుడు నేల, నీరు కొద్దిగా ఉండి నేల విస్తారమవడం వంటివాటిని, పేర్కొంది. పని మొదలుకాక ముందే తన లెక్క ఏ కారణాల వల్ల తప్పవచ్చునో రాసిపెట్టే పుట ప్రతి ప్రాజెక్టు పుస్తకంలో ఉండాలి; చక్కని గ్రాఫు కోసం అంకె దిద్దిన పిల్లవాడికి మార్కు తగ్గించి, వంకర గ్రాఫును వంకరగానే తెచ్చినవాడికి మార్కు వేయాలి.

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరుపడ్డ పట్టణం గనుక ఇంటింటి బంగారంపై సర్వే ఆకర్షణీయంగా తోచవచ్చు, కాని అది మూడో ప్రశ్నకే తాకట్టు రసీదుల దాకా, అప్పుల దాకా పోతుంది. ఇరుగుపొరుగు గుట్టు పిల్లల నోట్‌బుక్కుల్లోకి ఎక్కరాదు.

మొదటి ఏడాది ఉపాధ్యాయునికి వీటన్నిటికన్నా తగినది, చూడ్డానికి చాలా చిన్నది: బడి ఆవరణలో వర్షమాపకం పెట్టి, వాతావరణ శాఖ పాటించే ఉదయం 8.30 వేళకే రోజూ వాన కొలవడం. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు; జిల్లా సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు కాబట్టి, 200 చదరపు మీటర్ల బడి మిద్దెపై ఏడాదిలో దాదాపు 1.4 లక్షల లీటర్లు పడతాయన్నది తొమ్మిదో తరగతి లెక్కే. అందులో ఎంత పట్టి నిలపవచ్చో పిల్లలు తేలిస్తే, ఆ సమాధానాన్ని అమలు చేయడానికి ప్రధానోపాధ్యాయుని సంతకం, ఒక గొట్టం, ఒక తొట్టి చాలు. ఫ్లోరైడు పనిని ఊరూ, సర్పంచూ, తల్లిదండ్రులూ పరిచయమైన రెండో ఏటికి ఉంచుకోవచ్చు. వర్షమాపకాన్ని మాత్రం జూన్‌లో బడి తెరిచిన రోజునే పెట్టించి, సెలవుల్లో సైతం లెక్క తప్పకుండా బడి పక్క వీధుల పిల్లలకు వంతులు వేయవలసిందిగా ఉపాధ్యాయునికి విన్నపం.