పంజరంలో పాలపిట్ట

విజయదశమి సాయంత్రం పాలపిట్టను చూడటం తెలంగాణలో పండగలో భాగం. జమ్మిచెట్టుకు పూజ చేసి, ఆకును బంగారంగా పంచుకుని, ఊరి పొలిమేరలో పిట్ట కనబడిందాకా ఆగి ఇంటిదారి పట్టడం పల్లెల్లో తరతరాల అలవాటు. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించుకుని వస్తున్న పాండవులకు ఈ పిట్ట ఎదురైందని ఒక కథ. రావణుడి మీదికి కదిలే ముందు రాముడికి కనిపించిందని మరో కథ. ఉత్తరాదిన దీన్ని నీలకంఠ్ అంటారు, శివుడి రూపంగా కొలుస్తారు.

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఈ ఆచారానికి పొలిమేర మిగల్లేదు. పాలపిట్ట బయలు నేలల పక్షి. ఎండుకొమ్మ మీదో కరెంటు తీగ మీదో కూర్చుని, కింద నేల మీద మిడతో పురుగో కదిలితే చటుక్కున వాలి పట్టుకుంటుంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, నెత్తిన మెట్రో వంతెన ఉన్నచోట దానికి తిండి ఎక్కడిది? జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు పండగను వెంట తెచ్చుకున్నాయి గానీ పొలాన్ని తెచ్చుకోలేకపోయాయి. పిట్ట వాళ్ల దగ్గరికి రాదు, వాళ్లు పిట్ట దగ్గరికి పోలేరు. హైదరాబాద్‌లో దసరానాడు గుళ్ల దగ్గర, కాలనీల్లో పంజరాలు పట్టుకుని తిరిగేవారికి గిరాకీ వచ్చింది ఇందువల్లనే.

ఆ పిట్టలను పండగకు ముందే పొలాల్లో వల పన్ని పడతారు. ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు, లేదా దారంతో కట్టేస్తారు, జిగురు పూస్తారు. బతికున్న పురుగును వేటాడి తినే పక్షికి పంజరంలో సరైన తిండి పెట్టడం ఎవరివల్లా కాదు. పండగరోజు జనం చేతులెత్తి మొక్కేసరికి చాలా పిట్టలు సగం ప్రాణంతో ఉంటాయి. భక్తుడికి కనిపించేది నీలిరెక్క. దాని కింద తెగిన ఈకలు అతని కంటపడవు.

ఇక్కడ ధర్మసందేహం ఒకటుంది. అలా చూసినా శుభమేనా? చూసేవాడికి హింస చేసే ఉద్దేశం లేదు, భక్తే ఉంది, ఫలం భావాన్ని బట్టి ఉంటుంది కదా అని ఒక వాదన. దీన్ని కొట్టిపారేయడానికి లేదు, మన సంప్రదాయంలో భావానికి అంత బలముంది. అయితే శకునం అనే ఆలోచనకే ఒక షరతు ఉంది: అది మనిషి ఏర్పాటు చేసుకున్నది కాకూడదు. పిట్ట తన పనిమీద తాను పోతూ ఎదురుపడితే శకునం. పది రూపాయలిచ్చి ముందుకు తెప్పించుకున్న పిట్ట ఏ విజయాన్నీ సూచించలేదు, ఓడిపోయి చేతికి చిక్కింది అదే కాబట్టి. భావం సంగతికొస్తే, కత్తిరించిన రెక్కను చూశాక కూడా డబ్బిచ్చేవాడు తెలియక చేశానని చెప్పుకోలేడు.

పాపపుణ్యాల లెక్క చెప్పడానికి తెలుగువారికి ఇంకా దగ్గరి కథ ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, గోల్కొండ ఖిల్లాలో పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని ప్రతీతి. అంతటి భక్తుడికి అంత కష్టం ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జనం చెప్పుకునే జవాబు ఒక చిలుక. పూర్వజన్మలో చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించాడట, రోజుకో ఏడు చొప్పున అనుభవించాడట. చరిత్రలో దీనికి ఆధారం వెతకనక్కర్లేదు. భక్తి ఎంత ఉన్నా పక్షిని బంధించిన కర్మ కరిగిపోదని ఈ కథ కట్టినవారు నమ్మారు, రాముడి భక్తుడికి కూడా మినహాయింపు ఇవ్వలేదు. ఆ గోల్కొండ ఉన్న నగరంలోనే రెక్కలు కత్తిరించిన రామచిలుక ఇవాళ్టికీ ఫుట్‌పాత్ మీద జోస్యం కార్డు తీస్తోంది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, రామచిలుకను ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలుగువారు ఎంతో గౌరవంగా ఎంచుకున్న రెండు పక్షులూ నమ్మకం పేరుతోనే పంజరం పాలవుతున్నాయి.

బందీని చూసి జాలిపడిన మనిషికి మొదట తోచేది కొని వదిలేయడం. జైనులు దానాల్లో అభయదానాన్ని గొప్పదిగా ఎంచుతారు, శరణన్న పావురం కోసం తన మాంసం కోసిచ్చిన శిబి కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ శిబి డేగకు డబ్బివ్వలేదు, మరో పావురాన్ని పట్టుకొచ్చే అవసరం డేగకు కలిగించలేదు. పాతబస్తీలో ముర్గీచౌక్ లాంటి పక్షుల బజారులో పంజరం ధర చెల్లించి తలుపు తీస్తే ఆ డబ్బుతో ఇంకో వల వస్తుంది. చైనా, తైవాన్‌లలో బౌద్ధులు పుణ్యం కోసం ప్రాణులను వదిలే ఆచారం ఇందుకు పెద్ద రుజువు. అక్కడ వదలడానికే పిట్టలను పట్టే వ్యాపారం పుట్టింది. ఒక పక్షికి మేలు చేసి పది పక్షులకు కీడు తెచ్చే దానాన్ని దానం అనడం కష్టం.

అందుకే చట్టం కొనుగోలును కాక స్వాధీనాన్ని దారిగా చూపింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను, రామచిలుకను పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరమే. పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు ఉందని 2015లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. దసరా రోజుల్లో హైదరాబాద్‌లో అటవీశాఖ సిబ్బంది, జంతు సంక్షేమ కార్యకర్తలు కలిసి పంజరాలను పట్టుకుంటారు. నాగపంచమికి పాములవాళ్ల బుట్టల్లో దొరికే నాగుపాముల విషయంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇదే పని చేస్తుంది. కోరలు పీకిన ఆ పాముల నోళ్లు తరచు పుండ్లు పడి ఉంటాయి.

పట్టుకున్నాక ఏం చేయాలన్నదగ్గరే అసలు కష్టం. కత్తిరించిన ఈక వెంటనే పెరగదు. పక్షి ఈకలు రాల్చే కాలం వచ్చి, పాత మొదలు ఊడి, కొత్తది రావాలి. అప్పటిదాకా ఆ పాలపిట్టకు పురుగులు పెడుతూ, మనుషుల కంటపడకుండా, ఎగరడానికి చోటున్న గదిలో ఉంచాలి. పండగ సంబరంలో, అందరూ చూస్తుండగా గాల్లోకి విసిరితే ఎగరలేక కింద పడి కాకులకో పిల్లులకో దొరుకుతుంది. ఆ విడుదలలో తృప్తి విసిరినవాడిది, చావు పిట్టది. పిల్లప్పుడే గూటి నుంచి తీసి పెంచిన చిలుక కథ వేరు. గుంపులో బతకడం, తిండి వెతుక్కోవడం, గద్దను చూసి దాక్కోవడం దానికి ఎవరూ నేర్పలేదు. దాన్ని ఒంటరిగా వదలడం కంటే తోటి చిలుకల మధ్య ఉంచి నెమ్మదిగా అలవాటు చేయడమే దయ. కొన్ని ఎప్పటికీ వెళ్లలేవు.

ఎప్పటికీ వెళ్లలేని బందీల గురించి ఎక్కువగా నేర్పినవి సర్కస్ సింహాలు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ ఐదింటినీ ఆడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది. సర్కస్ యజమానుల వాదనను కేరళ హైకోర్టు 2000లో, సుప్రీంకోర్టు 2001లో తోసిపుచ్చాయి. బోనుల నుంచి వచ్చిన సింహాలు, పులుల కోసం విశాఖపట్నం, తిరుపతి జూలలో సంరక్షణ కేంద్రాలు వెలిశాయి. ఆ సింహాల్లో చాలావాటికి ఆఫ్రికా, ఆసియా రక్తం కలిసిపోయింది, వాటిని ఏ అడవీ చేర్చుకోదు. అందుకని వాటికి పిల్లలు పుట్టకుండా చూసి, తిండి, వైద్యం ఇచ్చి, ముసలితనంతో పోయేదాకా కాచుకున్నారు.

ఇది ఆశ్రయమా, మరో చెరా? కంచె కంచేనని, స్వేచ్ఛ ఇవ్వలేని దయ యజమానితనమేనని అనేవారున్నారు. సంతానాన్ని ఆపే హక్కు మనిషికి ఎవరిచ్చారన్న ప్రశ్నా గట్టిదే. అయినా ఆ పిల్లలు పుడితే పుట్టేది బోనులోకే. ఎవరి వినోదం కోసమో మొదలైన బందీల వరసను అంతటితో ఆపడం అన్యాయానికి వంతపాడటం అనిపించుకోదు. తేడా తెలుసుకోవడానికి అడగవలసింది ఒకటే: ఆ ప్రాణి అక్కడ ఉండటం వల్ల లాభం ఎవరికి? టికెట్టు పెట్టి చూపించినా, ఫొటోల కోసం ముట్టుకోనిచ్చినా, కొత్త పిల్లలను పుట్టించినా పేరు ఏదైనా అది ప్రదర్శనే.

పిట్టలు పట్టి బతికే మనుషులను ఈ లెక్కలోంచి తీసేయకూడదు. ఎలుగుబంట్లను ఆడించిన కలందర్ల విషయంలో వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ సంస్థ జంతువును తీసుకుని ఊరుకోలేదు, ఆ కుటుంబాలకు వేరే ఉపాధి, పిల్లలకు చదువు చూపించింది. 2009 డిసెంబరులో చివరి ఎలుగు బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట చేరడానికి అదీ ఒక కారణం. దసరా పంజరాల దగ్గర జరిమానా ఉంది గానీ అలాంటి ఏర్పాటు పెద్దగా కనిపించదు. మళ్లీ ఏడు అదే వల తీయడానికి ఇదీ కారణమే.

ఆచారం మాటకొస్తే, పాలపిట్ట కనబడకపోతే దసరా చెల్లదని ఎక్కడా లేదు. జమ్మిపూజ, పెద్దల ఆశీర్వాదం పిట్ట లేకుండానే పూర్తవుతాయి. చూడాలన్న కోరిక బలంగా ఉన్న అమీర్‌పేట కుటుంబం నగరం దాటి వరిచేలున్న వైపు వెళ్లొచ్చు. రెక్కలు కోలుకున్న పిట్టలను వదలవలసిందీ అలాంటి బయళ్లలోనే, పురుగు దొరికే చోట, వేటాడుకోవడానికి పగలంతా మిగిలి ఉండేలా పొద్దున పూట.