మిగిలిన గుడ్డ ఎవరిది?

బతుకమ్మ ముందు రోజుల్లో ఇబ్రహీంపట్నంలో కుట్టుమిషన్ ఉన్న ఇంటికి వెళ్తే మూలన ఒక సంచి ఉంటుంది, నిండా రంగురంగుల ముక్కలతో. కోరుట్లలో కొనుక్కొచ్చిన గుడ్డలు లంగాలై ఎవరిళ్లకు వాళ్లతో పోయాక మిగిలినవి. వాటిని దాదాపు ఎవరూ అడగరు. అడగనంత మాత్రాన అవి కుట్టే అక్కవి అయిపోయినట్టేనా?

అంబ్రెల్లా లంగా దగ్గర ఈ ప్రశ్న ముదురుతుంది. కుచ్చుల లంగాకి గుడ్డని అడ్డంగా తెంపి కుచ్చులు పోస్తే చాలు, మిగిలేది తక్కువ. అంబ్రెల్లాకి మాత్రం గుండ్రం కావాలి. నడుము 26 అంగుళాలు, పొడవు 36 అనుకుందాం. నడుముని 6.28తో భాగిస్తే లోపలి గుండ్రం వ్యాసార్ధం నాలుగంగుళాల పైచిలుకు. పొడవు కలిపితే 40. గుడ్డ పన్నా 44 అంగుళాలే కాబట్టి రెండు అర్ధవలయాలు కోయాలి. పక్కపక్కన గీస్తే 160 అంగుళాలు, నాలుగు మీటర్ల పైనే. కుట్లకి వదిలేది వేరే. అందులో దాదాపు 29 శాతం ముక్కలైపోతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. రెండో అర్ధవలయాన్ని తలకిందులుగా గీసి, వంపుకి వంపు ఆనేదాకా జరిపితే 147 అంగుళాల్లో రెండూ పడతాయి. (కాగితం మీద గీసి చూడండి. ఒకే దిక్కుకి తిరిగిన పూల ప్రింటైతే కుదరదు.) మిగిలిన 13 అంగుళాల్లో చిన్నపిల్లకి జాకెట్టు వస్తుంది.

శ్రమ కలిపినవాళ్లదే ఆస్తి అన్నాడు జాన్ లాక్. కానీ ఆయన మొదలుపెట్టింది ఎవరిదీ కాని నేలతో. ఈ గుడ్డని ఎవరో డబ్బు పెట్టి కొన్నారు. 18వ శతాబ్దపు లండన్ దర్జీలు కోతలో మిగిలిన గుడ్డని తమ హక్కుగా ఉంచుకునేవారు, దాన్ని ‘క్యాబేజీ’ అనేవారు.

నా లెక్క వేరు. మూలల్లో రాలేవి ఎవరు కోసినా రాలతాయి, అవి కొన్నవాళ్లవే. ఆ 13 అంగుళాలు మాత్రం ఆమె తెలివిలోంచి పుట్టాయి, నా ఓటు ఆమెకే. చిక్కేమిటంటే, చెప్పకపోతేనే అవి ఆమెకి దక్కుతాయి. “మూడు ముప్పావు మీటర్లు తెచ్చుకో, సరిపోతది” అని ముందే చెప్తే లాభమంతా కొన్నవాళ్లకే. సిరిసిల్ల మరమగ్గం మీద నేసే మనిషికి మీటరుకింతని కూలి. ఈమెకి లంగాకింత, మిగిల్చిన గుడ్డకి లెక్క లేదు. పోనీ కూలి పెంచి అడుగుదామా అంటే, పక్క వీధిలో ఇంకో మిషన్ ఉంటుంది.