సింహానికి బాకీ

మా మక్తల్ వాళ్లకు సింహంతో ఉన్న చుట్టరికమల్లా పేర్లలోనే. వీధికో నర్సింహులు దొరుకుతాడు. అసలు సింహాన్ని చూడాలంటే మాత్రం హైదరాబాదు జూకి పోవాల్సిందే. అలాంటి ఊళ్లో కూర్చుని సింహాల బాగోగుల గురించి ఆలోచిస్తున్నానంటే మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

1966 ప్రాంతంలో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా నాయన నన్ను మహబూబ్‌నగర్‌లో సర్కసుకు తీసుకుపోయాడు. మండుతున్న కట్టులోంచి సింహం దూకాలి. అది దూకనని స్టూలు మీదే కూర్చుంది. కొరడా ఛెళ్లుమంది. కూర్చునే ఉంది. మళ్లీ ఛెళ్లుమంది. మూడోసారికి దూకింది. డేరా అంతా చప్పట్లు. అందులో నావి కూడా ఉన్నాయి. వచ్చేటప్పుడు బస్సులో నాయనను అడిగాను, "దానికి కోపం రాదా నాయనా?" అని. "పొద్దున్నించీ టికెట్లు కొన్నది మనమే గదరా, మన మీద రావాలె" అన్నాడాయన, నిద్రమత్తులో. ఆ మాట మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

తర్వాత కాలం మారింది. 1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, ఈ అయిదింటినీ ఆటలకు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కసువాళ్లు కోర్టుకు పోయారు. కేరళ హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టులోనూ 2001 మే 1న ఓడిపోయారు. బాగానే ఉంది. కానీ బోనుల్లో ఉన్న జంతువులనేం చేయాలి? అడవిలో వదిలితే వేటాడటం రాదు, మనిషంటే భయం లేదు. పైగా సర్కసు సింహాల్లో చాలా వాటిది ఆఫ్రికా, గిర్ నెత్తురు కలిసిన సంకరం. గిర్ అడవిలోకి రానిస్తే అక్కడి జాతి చెడుతుంది. అందుకని సెంట్రల్ జూ అథారిటీ వాళ్లు కొన్ని జూల పక్కన రక్షణ కేంద్రాలు కట్టించారు. మన వైపు విశాఖపట్నంలో ఒకటి, తిరుపతిలో ఒకటి. అక్కడ వాటికి తిండి, వైద్యం ఉంటాయి, పిల్లలు మాత్రం ఉండవు. మామూలుగా జనానికి చూపించరు కూడా. ఉన్నన్నాళ్లూ ఉండి, ముసలివై పోవడమే వాటి పని.

ఇదంతా నాకు 2004లో తెలిసింది. బడిపిల్లలను విహారయాత్రకు విశాఖ తీసుకుపోయాను. జూలో తిరుగుతుంటే దూరంగా చెట్ల వెనకనుంచి గర్జన వినిపించింది. "అవి సర్కసువండీ, కనబడవు" అన్నాడక్కడి పనివాడు. సింహం గర్జన అయిదు మైళ్ల దాకా వినిపిస్తుందంటారు. నాకు ముప్పై ఎనిమిదేళ్ల అవతలి నుంచి వినిపించింది.

ఊరికి తిరిగొచ్చి, చేతిలో ఉన్న రెండు వేలు ఆ జూకి పంపుదామనుకున్నాను. పక్కింటాయన మండిపడ్డాడు. "ఏంది సారూ, మనుషులకే బువ్వ దొరుకుతలేదు, సింహానికి మాంసం పెట్టిస్తరా?" ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. 2002 కరువు దెబ్బ పాలమూరుకు ఇంకా మానలేదు. మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా పుణే, బొంబాయి పోతున్న రోజులు. పెద్ద సింహానికి రోజుకు ఎనిమిది, పది కిలోల మాంసం కావాలి. వారానికొక పూట ఉపవాసం ఉంచినా, ఆ ఖర్చు ఒక కూలీ కుటుంబం ఎన్నడూ చూడనిది.

దీనికి తేలికైన జవాబు ఒకటుంది. "మీరు మొన్న బంగారం కొన్నప్పుడు ఈ బువ్వ లేని మనుషులు గుర్తు రాలేదా?" అని అడగొచ్చు. అడిగాను కూడా. ఆయన నోరు మూతపడింది గానీ నా మనసు కుదుటపడలేదు. ఎదుటివాడి తప్పు చూపిస్తే నాది ఒప్పయిపోదు గదా!

అదే వారం మా వీధి చివరి కూలీ వచ్చాడు, పుణే పోవడానికి చార్జీలకని. వెయ్యి అతనికిచ్చి, వెయ్యి జూకి పంపాను. ఇది ధర్మనిర్ణయం కాదు, పిరికివాడి పంపకం. ఆ మాటే అతనితో అంటే, నా సింహం కథంతా విని, "మంచిదే గద సారూ. నేనన్న పుణే పోతున్న. అది యాడికి పోతది?" అన్నాడు.

నేను పుస్తకాల్లో వెతికిన తేడా అతను గడపలో నిలబడి చెప్పాడు. దానమైతే ఎవరికి ముందు, ఎవరికి వెనక అని చూడాలి. సింహానిది దానం కాదు, బాకీ. అప్పిచ్చినవాడి దగ్గరకు పోయి నీవల్ల దేశానికేం లాభం అని అడగం గదా! గిర్ సింహాలకైతే లెక్కలున్నాయి, గౌరవముంది. 2025 గణనలో 891 తేలాయని అందరం సంతోషించాం. ఈ సంకర సింహాలు ఏ లెక్క పెరగడానికీ పనికిరావు. సంకరం చేసింది మనం, బోనులో పెట్టింది మనం, చప్పట్లు కొట్టింది మనం. అయితే ఆ వెయ్యితో తీరిందా అంటే, నా టికెట్టు మీద దూకిన సింహం ఎప్పుడో చచ్చిపోయింది. 2001లో పిల్లగా వచ్చినవి కూడా ఇన్నేళ్లు బతకడం కష్టం. చివరి బోను ఖాళీ అయితేనే ఇలాంటి కేంద్రం పని నెరవేరినట్టు. ఇంకే ధర్మసంస్థకైనా అలాంటి ఆశయం ఉందేమో చెప్పండి.

ఇప్పుడు హైదరాబాదు, విశాఖ, తిరుపతి జూలలో జంతువులను దత్తత తీసుకునే పథకాలున్నాయి. పోయిన నెల నేను కాగితాలు నింపుతుంటే మా ఆవిడ బియ్యం ఏరుతూ కూర్చుంది.

"సింహానికి పంపుండ్రి, మంచిదే," అంది. "అది తినే మాంసం యాడికెళ్లి వస్తదో?"

"బర్రెలవి," అన్నాను.

"మన నల్ల బర్రె తొమ్మిదేండ్లు పాలిచ్చింది. వట్టిపోయినంక సంతకు తోలిస్తిరి."

నిజమే. ఆ 2004లోనే, గడ్డి కొనలేక. కొన్న బేరగాడు ఎక్కడికి తోలుకుపోతాడో నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే.