సాక్షుల మాట

నాకు ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ అందరూ అక్కడున్నారు, నేను తప్ప. పడ్డది నేనే, కొట్టుకున్నవి నా కాళ్లూ చేతులే. చూసింది మాత్రం మా ఆవిడ, పక్కింటి కన్నడం ఆంటీ, ఒకసారి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో ఎవరో కండక్టరు. మూర్ఛకు వైద్యం చేసే డాక్టరు అందుకే వెంట వచ్చినవాళ్లను అడుగుతాడు: తల ఎటు తిరిగింది, ఎంతసేపు, తర్వాత మాట తడబడిందా అని.

బెంగళూరుకు ఈ జబ్బుతో పాత పరిచయమే. తలమీద వేడినీళ్లు పోసుకుంటుంటే వచ్చే మూర్ఛ దక్షిణ కర్ణాటకలో ఎక్కువ. 1960ల చివర్లోనే ఈ ఊరి న్యూరాలజిస్టు కె.ఎస్. మణి దాని గురించి రాశారు. అది వచ్చినవాళ్లలో కొందరు ఏదో హాయిలో మునిగి, ఆపకుండా చెంబుతో పోసుకుంటూనే ఉంటారట. చెయ్యి పని చేస్తోంది సరే, చేయిస్తున్నదెవరు? చెయ్యి చేసేది మనిషికి తెలియని కథ ఇంకొకటుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే రోగికి మూర్ఛ తగ్గాలని మెదడులో రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో పెద్ద భాగం తీసేశారు. ఫిట్స్ తగ్గాయి. 2008లో పోయేదాకా కొత్త సంగతులు మాత్రం మనసులో నిలవలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం అతని చేతికి పట్టుబడింది. నేర్చుకున్నట్టు అతనికే తెలియదు.

నా బాధ అంత పెద్దది కాదు. ఫిట్ వచ్చినప్పుడు పోయిన కాసిని నిమిషాల మీద నాకు బెంగ లేదు. చిక్కంతా మామూలు రోజుల్లో వచ్చే మరుపుతోనే. పెద్దవాళ్లలో చాలామందికి మూర్ఛ మొదలయ్యేది మెదడులోని టెంపొరల్ లోబ్‌లో. కొత్త సంగతిని భద్రపరిచే హిప్పోక్యాంపస్ ఉండేదీ అక్కడే. పైకి ఫిట్ రాకున్నా లోపల చిటపటలు ఆగకపోవచ్చు. మందులూ తమ వంతు చేస్తాయి. టోపిరమేట్ వాడే కొందరికి నోటిదాకా వచ్చిన మాట దొరకదు. ఆ మందు వేసుకోవడమే మరిచిపోతే మళ్లీ ఫిట్, దాంతో మళ్లీ మరుపు.

ఇదంతా తెలిసినా, “నిన్న రాత్రే చెప్పాను కదండీ” అని ఆవిడ అంటే నాకు రోషం వస్తుంది. “చెప్పలేదు” అని వాదిస్తాను. ఒళ్లు తెలియకుండా పడ్డ సంగతిని ఆవిడ మాటమీదే నమ్మినవాణ్ణి, గ్యాస్ బుక్ చెయ్యమన్న సంగతి దగ్గర సాక్ష్యం అడుగుతాను! పరువు చిన్న విషయాల్లోనే ఎక్కువ కాబోలు.

అలాగని సాక్షి మాటంతా వేదమూ కాదు. ఆవిడ పది నిమిషాలన్న ఫిట్ ఫోన్ వీడియోలో రెండు నిమిషాలు కూడా లేదు. మిగతాది ఆవిడ భయం. డాక్టరు రాసుకున్నది రెండు నిమిషాలే. నాకు గుర్తుండాల్సింది ఆ పదీ అని నేననుకుంటాను.